ఇలాంటిది ఇంకొకటి ఉందా?



నేను ముప్పై ఏళ్లు బ్యాంకులో క్యాష్ కౌంటర్ వెనకాల కూర్చున్నాను. చిల్లర నా చేతుల్లో వానలా కురిసింది. అలాంటివాణ్ణి కూడా ఒక రెండు రూపాయల బిళ్ల మోసం చేసింది. ఆ కథతోనే మొదలుపెడతాను.

ఓ ఆదివారం పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తున్నాను. పక్కనే ఒకాయన గుడ్డ పరిచి నాణేలు పేర్చుకున్నాడు. అందులోంచి పదకొండు పలకల రెండు రూపాయల బిళ్ల తీసి నా చేతిలో పెట్టాడు. "సంవత్సరం అంకెలు చూడండి సార్, రెండేసి పడ్డాయి. టంకశాలలోనే తప్పు జరిగింది. ఇలాంటిది దేశం మొత్తం మీద ఇదొక్కటే" అన్నాడు. భూతద్దం పెట్టి చూశాను. నిజమే. ప్రతి అంకె పక్కనా ఇంకో అంకె నీడలా కనబడుతోంది. ఆరు వందలన్నాడు, బేరమాడి నాలుగు వందలిచ్చాను. ఇంటికొచ్చి చూపిస్తే మా ఆవిడ ఒకటే అడిగింది: "ఏమండీ, రెండు రూపాయలకి నాలుగొందలా?" అని. "నీకు తెలీదులే" అన్నాను. తెలియనిది ఎవరికో నాలుగైదు నెలల తర్వాత అర్థమైంది.

తమాషా ఏమిటంటే, ఆయన చెప్పిన మాటల్లో ఒకటి నూటికి నూరు పాళ్లూ నిజం. అచ్చంగా అలాంటిది ఇంకొకటి లేదు. ఆ నాణెం నాలుగు వందలు చేయకపోవడానికి కారణం కూడా అదే. ఒక్కటే ఉంటే విలువ పెరగాలి గదా, తగ్గడమేమిటి అంటారా? ఈ పూట నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్నకు జవాబే.

మన పదో తరగతి సర్టిఫికెట్ గుర్తు చేసుకోండి. అందులో పుట్టుమచ్చలని ఒక గడి ఉంటుంది. మాస్టారు మనల్ని నిలబెట్టి, ఎడమ చెంప మీద మచ్చ, కుడి మోకాలి మీద గాయపు మచ్చ అని రాసేసేవారు. చెంప మీది మచ్చ పుట్టుకతో వచ్చింది. మోకాలి మీదిది సైకిలు నేర్చుకునేటప్పుడు వచ్చింది. సర్టిఫికెట్‌కి ఈ రెండింటికీ తేడా లేదు. నాణేలు సేకరించేవాడికి మాత్రం ఆ తేడాయే సర్వస్వం. నాణెం మీద కనబడే వింత పుట్టుమచ్చా, లేక గాయమా? పుట్టుమచ్చ అయితే దాన్ని డై వెరైటీ అంటారు, అంటే అచ్చులోనే ఉన్న తేడా. గాయమైతే, అది ఏ యంత్రం చేసిన గాయమైనా సరే, నాణెం ముఖవిలువ దాటి పైసా పలకదు.

దీన్ని అర్థం చేసుకోవాలంటే ముందు అచ్చు సంగతి తెలియాలి. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ అద్దకం చూసినవారికి ఇది చిటికెలో అర్థమవుతుంది. అక్కడ టేకు చెక్క మీద పువ్వులూ లతలూ చెక్కి అచ్చులు చేస్తారు. ఆ అచ్చును రంగులో ముంచి గుడ్డ మీద అద్దుతారు. అచ్చు చెక్కేటప్పుడు ఉలి జారి ఒక రేకు తెగిందనుకోండి. ఆ అచ్చుతో వేసిన ప్రతి చీర మీదా, ప్రతి పువ్వుకీ అదే రేకు తెగి ఉంటుంది. అలా కాక అచ్చు బాగానే ఉండి, అద్దే మనిషి చెయ్యి కదిలిందనుకోండి. ఆ ఒక్క చోట పువ్వు చెదురుతుంది, పక్క పువ్వు శుభ్రంగా పడుతుంది. మొదటి తప్పు అచ్చుది, రెండో తప్పు అద్దకానిది. మొదటిది మళ్లీ మళ్లీ వస్తుంది. రెండోది మళ్లీ అలాగే రమ్మన్నా రాదు.

టంకశాలలోనూ ఇంతే, కాకపోతే చెక్క బదులు ఉక్కు. ముందు హబ్ అనే ఒక తల్లి అచ్చు ఉంటుంది. దాని మీద బొమ్మ, అక్షరాలు నాణెం మీద ఉన్నట్టే పైకి ఉబికి ఉంటాయి. దాన్ని మెత్తటి ఉక్కు దిమ్మలోకి బలంగా నొక్కుతారు. దిమ్మలో బొమ్మ గుంటలుగా, తిరగేసి పడుతుంది. ఆ దిమ్మే నాణెం కొట్టే అచ్చు, అంటే డై. బొమ్మకొకటి, బొరుసుకొకటి. ఆ రెండింటి మధ్య లోహపు బిళ్ల పెట్టి ఒక్క దెబ్బ కొడితే, అచ్చులోని గుంటల్లోకి లోహం ఎగదన్ని నాణెం తయారవుతుంది. ఒక జత అచ్చులు లక్షల నాణేలు కొడతాయి. అందుకే అచ్చులో ఒక చిన్న తేడా ఉంటే దానికి వేలూ లక్షలూ సంతానం.

ఇక అసలు కథకు వద్దాం. పాతరోజుల్లో హబ్‌ను ఒక్కసారి నొక్కితే బొమ్మ పూర్తి లోతుకు దిగేది కాదు. నొక్కిన కొద్దీ ఉక్కు గట్టిపడిపోతుంది. కాబట్టి ఆ దిమ్మను కొలిమిలో కాల్చి మెత్తబరిచి, మళ్లీ హబ్ కింద పెట్టి రెండోసారి నొక్కేవారు. రెండోసారి పెట్టేటప్పుడు మొదటి ముద్ర మీదే సరిగ్గా కూర్చోవాలి. వెంట్రుకవాసి తిరిగినా అచ్చులో ప్రతి అక్షరం రెండు సార్లు పడుతుంది. దీన్నే డబుల్డ్ డై అంటారు.

ప్రపంచంలో దీనికి పెద్దపేరు 1955లో అమెరికాలోని ఫిలడెల్ఫియా టంకశాల కొట్టిన ఒక సెంటు నాణెం. లింకన్ బొమ్మ ఉండే రాగిరంగు పెన్నీ. దాని అచ్చు ఒకటి రెండో నొక్కులో కాస్త తిరిగిపోయింది. సంవత్సరం అంకెలు, లిబర్టీ అనే మాట, పైనున్న ఇన్ గాడ్ వుయ్ ట్రస్ట్ అన్నీ జంటలు జంటలుగా పడ్డాయి. భూతద్దం కూడా అక్కర్లేదు, మామూలు కంటికే కనబడుతుంది. టంకశాలలో ఈ తప్పు పట్టుకునేసరికి ఆ నాణేలు మంచి నాణేల రాశిలో కలిసిపోయాయి. వాటి కోసం రాశి మొత్తం కరిగించడం దండగనుకుని వదిలేశారు. అలా సుమారు 20,000 నుంచి 24,000 దాకా బయటికి వెళ్లాయని లెక్క. చాలావరకు సిగరెట్ పెట్టెల్లో దొరికాయంటే నమ్ముతారా? అప్పట్లో అక్కడ సిగరెట్లు అమ్మే యంత్రంలో పావు డాలరు వేస్తే పెట్టె వచ్చేది. పెట్టె ధర 23 సెంట్లు. మిగతా రెండు సెంట్ల చిల్లర పెట్టె మీది పల్చటి కాగితంలోనే దోపి ఉండేది. పొగ తాగేవాడి చేతికి అప్పుడు ఒక సెంటుగా వచ్చిన ఆ నాణెం, ఈనాడు బాగా చేతులు మారి నలిగినదైనా వెయ్యి డాలర్లకు పైన పలుకుతోంది.

గమనించండి. ఇది ఒక్కటి కాదు, 20,000 పైచిలుకు. అయినా ఆ ధర. అన్నీ ఒకే అచ్చు బిడ్డలు. ఏది తీసి చూసినా జంట అక్షరాల మధ్య ఎడం ఒకటే, తిరిగిన దిక్కు ఒకటే. అందుకే ఒక నాణెం అసలుదో కాదో ఇంకో నాణేన్ని పక్కన పెట్టి తేల్చవచ్చు.

మరి నా రెండు రూపాయల బిళ్లకు ఏమైంది? అక్కడ అచ్చు నిక్షేపంగా ఉంది. అచ్చును ప్రెస్‌లో బిగించడంలోనే కాస్త వదులు. దెబ్బ పడి, నాణెం మీద బొమ్మ శుభ్రంగా లేచి, అచ్చు వెనక్కి వెళ్లే ఆ రెప్పపాటులో అది పక్కకు జరిగింది. జరుగుతూ జరుగుతూ అప్పుడే లేచిన అక్షరాల పక్కలను నొక్కేసింది. దీన్ని మెషిన్ డబ్లింగ్ అంటారు. యంత్రం చేసిన జంట అన్నమాట. నాణెం ఇంకా టంకశాల గడప దాటలేదు. అయినా ఇది పుట్టుమచ్చ కాదు, పుడుతూ పుడుతూ మంత్రసాని చేతిలో తగిలిన గాటు. ఇలా గాట్లు పడ్డ నాణేలు దేశదేశాల్లో కోకొల్లలు. కానీ ఏ రెంటి గాటూ అచ్చంగా ఒకేలా ఉండదు, ఎందుకంటే వదులుగా ఉన్న అచ్చు ప్రతి దెబ్బకీ ఒకేలా జరగదు.

ఈ రెండు జంటలనూ కంటితో విడదీయడం ఎలా? మీరు పిల్లలప్పుడు కవల అరటిపండు చూసే ఉంటారు. ఒకే తొక్కలో రెండు పళ్లు. దేని గుండ్రం దానికుంటుంది, మధ్యలో సన్నటి గాడి ఉంటుంది, మొత్తం మీద మామూలు పండు కంటే లావు. డబుల్డ్ డై అక్షరం అలాంటిది. రెండు ముద్రలూ గుండ్రంగా, నిండుగా పైకి లేచి ఉంటాయి. అక్షరం కొసల దగ్గర చేప తోకలా చీలిక కనబడుతుంది. అక్షరం ఉండవలసిన దానికంటే వెడల్పుగా ఉంటుంది.

మెషిన్ డబ్లింగ్ అలా కాదు. ఒకే అరటిపండును పక్క నుంచి బొటనవేలితో నొక్కేసినట్టుంటుంది. అక్షరం పక్కన కనబడే ఆ నీడ గుండ్రంగా ఉండదు. అరుగు మెట్టులా బల్లపరుపుగా, నేలకు అంటుకుపోయి, కొత్తగా గీసినట్టు మెరుస్తూ ఉంటుంది. ఆ మెట్టు ఎక్కడి నుంచి వచ్చింది? అక్షరం ఒంట్లోంచే. అందుకే అసలు అక్షరం సన్నబడుతుంది. మొత్తం వెడల్పు పెరగదు. పుట్టుకతో వచ్చిన జంటలో లోహం కలిసొస్తుంది. యంత్రం చేసిన జంటలో ఉన్నదే చెదురుతుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే సగం మోసాలు తప్పుతాయి.

ఇంకా ముచ్చటైన సాక్ష్యం ఒకటుంది. ఇది కంటిచూపు కంటే ఆలోచనకు సంబంధించింది. 1969లో అమెరికాలోనే శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల కొట్టిన సెంటులోనూ ఒక గొప్ప డబుల్డ్ డై ఉంది. ఆ టంకశాల గుర్తు ఎస్ అనే అక్షరం, సంవత్సరం కింద ఉంటుంది. చిక్కేమిటంటే, అదే ఏడాది అదే టంకశాల నాణేల్లో మెషిన్ డబ్లింగ్ తగిలినవీ బోలెడు. రెండూ కలగాపులగం. తేల్చేది ఎలా?

ఎస్ అక్షరాన్ని చూడమంటారు పెద్దలు. ఆ రోజుల్లో టంకశాల గుర్తు హబ్ మీద ఉండేది కాదు. అచ్చు పూర్తిగా తయారయ్యాక, ఒక పనివాడు చిన్న ఉలిలాంటి పంచ్ పెట్టి సుత్తితో కొట్టి, ఒక్కో అచ్చు మీద విడిగా దించేవాడు. 1980ల చివరి దాకా అక్కడ ఇదే పద్ధతి. ఇప్పుడు ఆలోచించండి. డబుల్డ్ డై అనేది హబ్ నొక్కేటప్పుడు జరిగే తప్పు. ఎస్ దిగేది ఆ తర్వాత. కాబట్టి నిజమైన డబుల్డ్ డైలో సంవత్సరం జంటగా ఉంటుంది, మాటలు జంటగా ఉంటాయి, ఎస్ మాత్రం ఒంటిగా ఉంటుంది. ఎస్ కూడా మిగతా వాటితో పాటు అదే దిక్కుకి జంటగా కనబడిందా, అది యంత్రం కుదుపే. ఎందుకంటే ప్రెస్ కుదిపేటప్పుడు ఏది ముందు చెక్కారు, ఏది తర్వాత చెక్కారు అని చూడదు, దారిలో ఉన్నవన్నీ నొక్కేస్తుంది. జంట కానిదే సాక్ష్యం చెబుతోందన్నమాట. పెళ్లి జరిగిందా లేదా అని తేల్చడానికి, ఆ పెళ్లికి రాని మనిషిని అడిగినట్టు.

మూడో రకం ఒకటుంది. పుట్టుమచ్చా కాదు, గాయమూ కాదు, వార్ధక్యం. లక్షల దెబ్బలు కొట్టాక అచ్చు అరుగుతుంది. అక్షరాల అంచులు కరిగి చెదిరి, నాణెం మీద లావుగా, మసకగా, వెనక నీడ ఉన్నట్టు పడతాయి. చుట్టూ నేల నున్నగా ఉండక కమలాపండు తొక్కలా గరగరలాడుతుంది. ఇది అచ్చులోనే ఉంది కదా, ఆ అచ్చు కొట్టిన నాణేలన్నింటిలోనూ వస్తుంది కదా అంటారా? వస్తుంది. కానీ ముడతలు పడని ముసలితనం లేనట్టే, అరగని అచ్చూ లేదు. అందరికీ వచ్చేదాన్ని ఆనవాలుగా రాసుకోలేం. 1955లోనే ఇలాంటి అరిగిన అచ్చుల సెంట్లు కూడా ఉన్నాయి. చివరి అయిదంకె పక్కన నీడ కనబడుతుంది. అసలు జంట నాణెం కొనే స్తోమత లేనివారికి వీటిని అంటగట్టేవారు. దానికి బజారు పెట్టిన పేరు పేదవాడి డబుల్డ్ డై. పేరులోనే వెక్కిరింత ఉంది.

ఇక టంకశాల గేటు దాటాక నాణేనికి ఎదురయ్యే యంత్రాలు. మొట్టమొదటిది మనందరికీ చిన్నప్పుడే పరిచయం. రైలు పట్టాల మీద పైసా పెట్టి, రైలు తొక్కితే అయస్కాంతమవుతుందని కాపు కాయని పిల్లలుంటారా? అయస్కాంతం కాలేదు సరికదా, బొమ్మ కూడా మాయమై అప్పడమై మిగిలేది. దాన్ని ఎవరూ టంకశాల తప్పు అనుకోరు. కానీ కొన్ని యంత్రాలు రైలంత నిజాయితీగా కొట్టవు.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లకు బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్ తెలుసు. జేబులోంచి జారిన నాణెం ఆ డ్రమ్ము సందులో ఇరుక్కుంటే నెలల తరబడి అక్కడే దొర్లుతుంది. అంచు మీద లక్ష మొట్టికాయలు పడతాయి. అంచు లోపలికి మడుచుకుని లావెక్కుతుంది, నాణెం కురచవుతుంది, అంచు దగ్గరి అక్షరాలు సగం మింగుడు పడతాయి. బయటికొచ్చాక చూస్తే టంకశాల ఏదో ప్రత్యేకంగా చేసిన చిన్న నాణెంలా ఉంటుంది. ఇంకొకటి, నాణేలను కాగితంలో చుట్టి చుట్టగా కట్టే యంత్రం. చుట్ట కొసను అది మడిచేటప్పుడు దాని ఉక్కు వేలు కొసనున్న నాణెం మీద గుండ్రంగా తిరుగుతుంది. ఆ నాణెం అంచు పక్కన వృత్తలేఖినితో గీసినట్టు ఒక వలయం పడుతుంది. ఎంత తీరుగా ఉంటుందంటే, గాయమని నమ్మడం కష్టం. తీరుగా ఉన్నంత మాత్రాన అచ్చుది కాదు. యంత్రం గాయం చేసినా తీరుగానే చేస్తుంది, అది దాని అలవాటు.

వీటిని పట్టుకునే సూత్రం ఒకటి చెబుతాను, రాసుకోనక్కర్లేదు, నోటికే వస్తుంది. అచ్చు మీద గుంట అయితే, నాణెం మీద గుట్ట. అచ్చుకు దెబ్బ తగిలి గీత పడితే, లేదా అచ్చు పగుళ్లిస్తే, ఆ సందులోకి లోహం ఎక్కి నాణెం మీద ఉబికిన గీతగా పడుతుంది. నాణేనికే దెబ్బ తగిలితే గీత లోపలికి దిగుతుంది. అంతే కాదు, నాగలి దున్నితే చాలు పక్కన మట్టి గట్టు కట్టినట్టు, గీతకు ఇటూ అటూ లోహం ఎగదన్ని ఉంటుంది. గట్టు కనబడితే నాగలి తిరిగిందని అర్థం.

ఈ సూత్రం దొంగలను కూడా పట్టిస్తుంది. 1937లో అమెరికా డెన్వర్ టంకశాల కొట్టిన అయిదు సెంట్ల నాణెం మీద ఒక అడవిదున్న ఉంటుంది. అచ్చును సాన పెట్టేటప్పుడు ఎక్కువ అరగదీయడంతో, ముందు కాళ్లలో ఒకటి చెరిగిపోయింది. మూడు కాళ్ల దున్న అని దానికి లోకమంతా పేరు, ధర కూడా గట్టిదే. మామూలు నాణెం తీసుకుని ఆ కాలిని గీకి పారేస్తే సరిపోతుంది గదా అని కొందరు ఆ పనే చేశారు. కానీ అసలు నాణెంలో దున్న పొట్ట కింద నుంచి నేల దాకా సన్నటి చుక్కల వరస పైకి ఉబికి ఉంటుంది. అవి అచ్చు మీది గుంటలు. దొంగ ఉన్న కాలిని గీకగలడు గానీ, లేని గుట్టలను లేపలేడు. లోహం తీసేయడం ఎవరికైనా చేతనవుతుంది. మొలిపించడం అచ్చుకే చేతనవుతుంది.

ఇంత దూరం అమెరికా కబుర్లెందుకు, మన ఊళ్లో లేవా అంటారేమో. ఉన్నాయి. మన హైదరాబాదు టంకశాల నిజాముల కాలం నాటిది. సైఫాబాదులో ఉన్నది 1903లో కట్టినది. మింట్ కాంపౌండ్ అనే పేరు ఈనాటికీ నగరంలో అందరి నోటా ఉంది. 1990లలో పని చర్లపల్లికి మారింది. మీ జేబులోని రూపాయి మీద సంవత్సరం కింద చిన్న నక్షత్రం కనబడితే అది హైదరాబాదు బిడ్డ. వజ్రం గుర్తుంటే ముంబయి, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా.

ఇదే నగరంలో ఆఖరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1911లో గద్దెనెక్కాక కొట్టిన చార్మినార్ రూపాయలు చూడండి. చార్మినార్ బొమ్మలో వాకిలి ఉంటుంది గదా, ఆ వాకిట్లో ఉర్దూలో ఆయన పేరు మొదటి అక్షరం, ఐన్ ఉంటుంది. మొదట్లో వచ్చిన రూపాయల్లో అది చిన్నది, తర్వాతి వాటిలో పూర్తి అక్షరం. సేకరించేవాళ్లు వీటిని సగం ఐన్, పూర్తి ఐన్ అంటారు. ఇది తప్పు కాదు, చెక్కినవాడు కావాలని మార్చిన తేడా. అయినా లక్షణం అదే. సగం ఐన్ రూపాయి ఏది తీసినా అదే వాకిట్లో అదే సగం అక్షరం.

ఆ ఏడాదిదే, అంటే 1911దే, అయిదో జార్జి రూపాయి ఇంకొకటి. రాజుగారి దుస్తుల మీద చిన్న ఏనుగు బొమ్మ ఉంది. తొండం కురచగా చెక్కడంతో జనం కంటికి అది పందిలా కనబడింది. గగ్గోలు పుట్టింది. ఆ నాణేలు వెనక్కి తీసుకుని, మరుసటి ఏడాదికి తొండం సాగదీసిన కొత్త అచ్చులు చేశారు. వాడుకలో దానికి పంది రూపాయి అనే పేరు మిగిలింది.

అచ్చు మారిందన్న ప్రతి వార్తా సంతోషం కాదని కూడా మనకు అనుభవమే. పది రూపాయల నాణెం మీద పది గీతలుంటేనే మంచిదని, పదిహేనుంటే దొంగదని ఓ పుకారు లేచి, కిరాణా కొట్లలోనూ బస్సుల్లోనూ వాటిని ఎవరూ తీసుకోని రోజులొచ్చాయి. నా కౌంటర్ దగ్గరే ఎన్ని తగాదాలు తీర్చానో. రూపాయి గుర్తు రాకముందు వచ్చిన వాటిలో పదిహేను గీతలు, వచ్చాక కొట్టిన వాటిలో పది. రెండూ టంకశాలవే. చివరికి 2018 జనవరిలో రిజర్వు బ్యాంకే ప్రకటన ఇవ్వాల్సొచ్చింది, అప్పటిదాకా విడుదలైన 14 రకాల పది రూపాయల నాణేలూ చెల్లుతాయని. నేను రెండు రూపాయల గాయాన్ని నిధి అనుకుంటే, లోకం పది రూపాయల పుట్టుమచ్చను దొంగముద్ర అనుకుంది. రెండూ ఒకే పొరపాటు.

ఇప్పుడు మీ చేతికి ఒక వింత నాణెం వచ్చిందనుకుందాం. ఏం చేయాలి? ముందు ఏం చేయకూడదో చెబుతాను. చింతపండు పెట్టి తోమకండి. ఇత్తడి చెంబుకు చింతపండు దీపావళి, నాణేనికి మాత్రం మరణశాసనం. తోమిన గీతలు మళ్లీ పోవు. అంచులు పట్టుకోండి, బొమ్మ మీద వేలు పెట్టకండి. కంసాలి కంటికి పెట్టుకునే పదింతల అద్దం చాలు. దీపం నెత్తి మీద కాకుండా పక్క నుంచి పడేలా పెట్టి, నాణేన్ని మెల్లగా తిప్పండి. గుట్టకు ఒక పక్క నీడ, గుంటకు ఇంకో పక్క నీడ పడి గుట్టు చెబుతాయి. తర్వాత మూడు ప్రశ్నలు. ఆ వింత పైకి లేచి ఉందా, లోపలికి దిగి ఉందా? జంటగా ఉంటే అక్షరం లావెక్కిందా, సన్నబడిందా? నీడ అన్ని గుర్తులకూ ఒకే దిక్కున ఉందా, విడిగా దించిన గుర్తును వదిలేసిందా?

పక్షపాతం లేకుండా ఇంకో సంగతి కూడా చెప్పాలి. ప్రెస్‌లో బిళ్ల పక్కకు జరిగి బొమ్మ సగమే పడిన నాణేలుంటాయి. అవి దేనికది ప్రత్యేకమే, వాటికీ ధర ఉంటుంది. కానీ అవి దెబ్బ తప్పిన నాణేలు. వాటి లెక్క వేరు, అంగడి వేరు. వాటిని ఎవరూ అచ్చు తేడాలని చెప్పి అమ్మరు, అమ్మితే కొనకండి.

ఇక అన్నిటికంటే పెద్ద ప్రశ్న, నాలుగో ప్రశ్న. ఇలాంటిది ఇంకొకటి ఉందా? అబిడ్స్‌లో ఆ ఆదివారం నేను అడగని ప్రశ్న ఇదే. ఇదొక్కటే అన్న మాట వినగానే నాకు ఆశ పుట్టింది, అనుమానం పుట్టాల్సింది. అచ్చుకు పుట్టినవాడికి అన్నదమ్ములుంటారు. ఒక్కణ్ణే అని చెప్పుకునేవాడు ఎక్కడో దెబ్బ తిన్నవాడు.

ఆ రెండు రూపాయల బిళ్ల ఇప్పటికీ నా దగ్గరే ఉంది. దాని పక్కనే ఇంకో పొట్లం ఉంది, దాని కథ చెప్పి ముగిస్తాను. కౌంటర్‌లో ఒకరోజు చిల్లర లెక్కపెడుతుంటే ఒక స్టీలు రూపాయి మీద అంచు నుంచి అంకె వైపు పాకిన సన్నటి గీత తగిలింది. గోరు పెడితే గుట్ట. అచ్చు పగిలిన గీత. నా జేబులోంచి రూపాయి సొరుగులో వేసి దాన్ని తీసుకున్నాను. ఆ తర్వాత దాదాపు ఏడాదిపాటు ఆ సంవత్సరం రూపాయి ఏది వచ్చినా తిప్పి చూశాను. ఒక సాయంత్రం కౌంటర్ మూసే వేళ రెండోది దొరికింది. అదే చోట, అదే వంపు. కాకపోతే గీత ఇంకాస్త ముందుకు పాకి అంకెను తాకింది. పగులు పెరుగుతుందే గానీ తరగదు గదా. అంటే మొదటి రూపాయి ముందు పుట్టింది, రెండోది తర్వాత. ఎన్ని వేల దెబ్బల ఎడమో తెలియదు గానీ, ఏది అన్న, ఏది తమ్ముడు అన్నది మాత్రం తేలిపోయింది.

ఆ రాత్రి రెండూ పక్కపక్కన పెట్టి మా ఆవిడకు చూపించాను. అద్దంలోంచి చాలాసేపు చూసింది. "బాగున్నాయి, అమ్మితే ఎంతొస్తుంది?" అంది.

"రెండు రూపాయలు" అన్నాను.

ఈసారి ఆవిడ ఏమీ అనలేదు. పొట్లం కట్టి బీరువాలో తనే దాచింది.